పదో డిస్కు ఆఖరి షిఫ్టు

ఆయుధపూజ తెల్లారి, మొదటి షిఫ్టు. టబ్బులో గాలి: 72 గంటలు

మిషన్ లేవలేదు.

ముందు ఆ ముక్క రాసి పెడుతున్నాను. మిషన్ మొరాయిస్తే మొదట పుస్తకం తెరవాలి, ఆ తరువాతే మూత తెరవాలి అన్నది నాకు పని నేర్పిన బక్కయ్య తాత నియమం. ఆయన పోయి పదేళ్లయినా ఈ గదిలో ఆయన మాటే చెల్లుతుంది. నా మాట నా మొగుడే వినడు.

తెల్లారి అని రాశాను గానీ ఇక్కడ తెల్లవారడం ఏమీ ఉండదు. బృహస్పతి చుట్టూ తిరిగే యూరోపా అనే చంద్రుడి మంచు కింద అరవై మీటర్ల లోతున, నూటనలభై మందిమి. ఊరి పేరు రెండో బావి. మా తాతల తాతలు గోదావరి ఒడ్డున బొగ్గు బావుల్లో దిగేవారట, మేం మంచులో దిగుతున్నాం. అలవాట్లు మాత్రం అవే. షిఫ్టులు ఉన్నాయి, వాటిని నడిపే సర్దార్ ఉన్నాడు, దీపాల గది ఉంది, ఏడాదికోసారి ఆయుధపూజ ఉంది. పూజనాడు డ్రిల్లు బిట్ల నుంచి నా లెక్కల మిషన్ దాకా అన్నిటికీ ఒక షిఫ్టు సెలవు. డిస్కులన్నీ బయటికి తీసి, తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి మళ్లీ బిగిస్తారు. బొట్టు ఒక్కటి చాలు, పసుపు ఒద్దు అని ఏటా గొంతు చించుకుంటాను. ఏటా పసుపు నేనే గోకుతాను.

నిన్న హారతి ఇస్తుండగా నేల ఒక్కసారి కదిలింది. పళ్లేలు గలగలమన్నాయి. అమ్మవారు వచ్చిందన్నారు. నాలుగు గంటలు గడిచాక మిషన్ మీట నొక్కితే ఇదీ సంగతి.

స్క్రీన్ మీద వచ్చిన మాటలు: "‘దారి’ వాల్యూమ్ కోసం తొంభై సెకన్లు చూశాను. రాలేదు. దాని మీద ఆధారపడినవి ఏవీ మొదలుపెట్టలేను. ఎమర్జెన్సీ మోడ్‌లో ఉన్నారు. పాస్‌వర్డ్ ఇవ్వండి."

‘దారి’ అంటే మా బావి లెక్క. తొమ్మిది కిలోమీటర్ల మంచులో సముద్రం దాకా దిగే బావికి, అది గడ్డకట్టకుండా కాచే నాలుగువందల పన్నెండు కుంపట్లున్నాయి. మంచు గంటగంటకూ ఎటు జరిగిందో ‘దారి’లో ఉంటుంది. దాన్ని చూసి మిషన్ ఏ కుంపటి ఎప్పుడు ఎంత మండాలో చెబుతుంది. అది చెప్పకపోతే బావి గడ్డకడుతుంది. మనుషుల్ని దింపే టబ్బు పైకి రాదు.

టబ్బు నాలుగో మజిలీ దగ్గర ఆగి ఉంది, ఏడు కిలోమీటర్ల లోతున. అందులో సమ్మయ్య, ఓదెలు. పూజనాడు కూడా కింద ఎవరో ఒకరు ఉండాలి, ఈ ఏడు వంతు వీళ్లది. ఓదెలు నా మొగుడు.

ముందు బక్కయ్య తాత చెప్పిన మొదటి వైద్యం చేశాను. మొదలయ్యేటప్పుడు వేటి కోసం ఆగాలో రాసే జాబితాలో ‘దారి’ వరుస ముందు గీత పెట్టి, దాన్ని వదిలేసి మిగతావి లేవమన్నాను. లేచాయి. ఊరికి గాలి తిరుగుతోంది, కింది నుంచి వచ్చే మాటల తీగ పలుకుతోంది, మజిలీ దగ్గరి కుంపటి తన పాటికి తాను మండుతోంది. బావి మాత్రం చీకటి.

"ఏందే తారా, నీ మిషన్ మాకన్న ఎక్కువ నిద్రపోతున్నదా?" అన్నాడు ఓదెలు తీగలో.

"పండుగనాడు నీలెక్క తిన్నది. అరుగుతలేదు," అన్నాను.

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో షిఫ్టు. గాలి: 66 గంటలు

ఆరు గంటలు గంగలో పోశాను. నా తొందరపాటు వల్లే పోయాయి కనుక దాచకుండా రాస్తాను.

డిస్కులు ఆలస్యంగా మేలుకుంటున్నాయేమో అనుకుని తొంభై సెకన్లను పది నిమిషాలు చేశాను. పది నిమిషాలు ఆగి, మర్యాదగా, అదే మాట చెప్పింది. తరువాత పూజలో వరుస తప్పించి బిగించి ఉంటారని అనుమానం వచ్చింది. డిస్కుల మీద అంకెలు పసుపు నీళ్లకు ఎప్పుడో చెరిగిపోయాయి. మొత్తం తీసి, బిగించి, వరుస మార్చి, మళ్లీ బిగించి, నాలుగు రకాలుగా చూశాను. ప్రతిసారీ అదే జవాబు.

అప్పుడు సిగ్గుపడుతూ పాత కాగితాలు తీసి చదివాను. వరుసతో దానికి పనే లేదట! ప్రతి డిస్కు తలలో దాని సొంత పేరు, ముప్పైరెండు అక్షరాల పేరు, రాసి ఉంటుంది. తన తోటివాళ్లందరి పేర్లూ కూడా రాసి ఉంటాయి. ఏ గూట్లో పెట్టినా, తలకిందులుగా పెట్టినా, మిషన్ లేవగానే ఒక్కొక్కరినీ "నీ పేరేంటి, నీ వాళ్లెవరు" అని అడిగి తొమ్మిది మందినీ పోగుచేసుకుని, తొమ్మిది ముక్కలను ఒక్క బావిగా కుట్టేస్తుంది. ఏ ముక్కలోనూ బావి మొత్తం లేదు. మొదటి కుంపటి లెక్క ఒకదాంట్లో, రెండోది ఇంకోదాంట్లో, పదోది మళ్లీ మొదటిదాంట్లో, అలా పంచుకుని ఉంటుంది.

పదేళ్లుగా దీన్ని రోజూ లేపుతున్నాను. ఇది ఇంత పని చేస్తుందని ఇవాళ తెలిసింది. కాసేపు దాని ముందు ఉత్తినే కూర్చున్నాను.

ఆ తరువాత తిన్నగా, మొదటే చేయాల్సిన పని చేశాను. ఎవరెవరు వచ్చారో చెప్పమని స్కాన్ పెట్టాను. తొమ్మిది రావాలి. పది వచ్చాయి. నాలుగుసార్లు ఊడదీసి బిగించాను, ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.

అందులో రెండింటి పేరు ఒక్కటే. అదే ముప్పైరెండు అక్షరాలు, ఒక్క అక్షరం తేడా లేదు. కింద మిషన్ మాట: "ఒకే పేరుతో రెండు డిస్కులు కనబడుతున్నాయి. ఏది అసలుదో నేను తేల్చలేను. తేల్చకుండా తెరవను."

సర్దార్ మొగిలన్నకు చూపించాను. ఆయన పొద్దటి నుంచి కాలుకాలిన పిల్లిలా గది బయట తిరుగుతున్నాడు. చూసి ఒక్కమాట అన్నాడు. "గంతే గదా చెల్లె. ఒకే నంబరు మీద ఇద్దరు హాజరు పలికితే మనం గూడ షిఫ్టును దించం. ఆపేస్తం."

నిజమే. ఎవరు రాశారో గానీ దీన్ని, రెండు వందల ఏళ్ల కిందట, భూమి మీద ఏదో ఊళ్లో కూర్చుని రాశారు. ఎప్పుడో ఎవరో ఒకే పేరున్న రెండు డిస్కులు తెచ్చి పెడతారని ఆ మనిషికి ముందే తోచింది. ఆ రోజు తెలివి ప్రదర్శించకు, ఆగిపో, మనిషిని అడుగు అని రాసి వెళ్లిపోయాడు. లేదా రాసి వెళ్లిపోయింది. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు.

రెండో షిఫ్టు నడుమ. గాలి: 63 గంటలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు దొంగ తనంతట తానే జొన్న గట్క గిన్నె పట్టుకుని వచ్చింది.

మా అత్త రాజవ్వ దీపాల గది మనిషి. నలభై ఏళ్లుగా దిగేవాళ్లకు దీపం ఇచ్చి, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకుని మేకుకు తగిలిస్తుంది. పూజనాడు డిస్కులు తుడిచే బాధ్యత కూడా ఆమెదే, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వదు. గిన్నె నా ముందు పెట్టి, పది గూళ్లు నిండి ఉన్న అరను చూసి, తల దించుకుంది.

"పిల్లా, ఆ పదోది నేనే పెట్టిన."

"ఏం పదోది అత్తమ్మా?"

"బక్కయ్య పటం ముంగట పెట్టుకుంటం చూడు, పాతది. అది. పుష్కరం కింద పని బందు పెట్టిండ్రు దాన్ని. సప్పుడు చేస్తున్నదని బక్కయ్య దాని రాతంత కొత్తదాంట్లకు దించి, దీన్ని ఊడదీసిండు. ఆనాడు ఎంత ఏడ్సిండో ఎరుకనా? పందొమ్మిదేండ్లు చేసింది, దీనికి ఉత్తచేతుల షిఫ్టు గూడ ఇయ్యకపోతిమి అని."

ఉత్తచేతుల షిఫ్టు అంటే మాకు పెద్ద గౌరవం. పని నుంచి దిగిపోయే మనిషిని ఆఖరిసారి బావిలోకి తీసుకెళ్తారు. చేతిలో పార ఉండదు, పని చెప్పరు. ఎనిమిది గంటలు తోటివాళ్ల నడుమ కూర్చుని పైకి వస్తాడు. అది దక్కకుండా పోయిన మనిషి గురించి ఊరు తరాలపాటు చెప్పుకుంటుంది. మా అత్త ఆ గౌరవాన్ని ఒక డిస్కుకు ఇప్పించింది. పుష్కరం పూర్తయింది కదా, ఒక్క షిఫ్టు తన వాళ్ల పక్కన కూర్చోనీ అని, ఖాళీగా ఉన్న పదో గూట్లో బిగించింది.

నాకు కోపం నెత్తికెక్కింది. "నీ భక్తి నీ కొడుకు పాణం మీదికొచ్చింది," అన్నాను.

ఆమె కొంగుతో గిన్నె మూత తుడిచింది, అప్పటికే శుభ్రంగా ఉన్న మూతను. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాకు నోరు ముందు, బుద్ధి వెనక.

"ఏ గూట్ల పెట్టిన్నో చెప్తుంటి," అంది చివరికి. "నువ్వు వరుసలు మార్చినవాయె."

అదీ నిజమే. నాలుగుసార్లు మార్చాను. ఆ రెండింటినీ మిషన్ చూపిస్తోంది, బయటికి తీసి పక్కపక్కన పెట్టాను. రెండింటికీ పసుపు, రెండింటికీ బొట్టు. కవలపిల్లలకు ఒకే రంగు చొక్కా తొడిగినట్టుంది. ఒకటి ఇవాళ్టిది, ఇంకొకటి పన్నెండేళ్ల కిందటిది.

మూడో షిఫ్టు. గాలి: 58 గంటలు

ఒకదాన్ని పెట్టి, రెండోదాన్ని బల్ల మీద ఉంచి, మిషన్ లేపాను. ‘దారి’ దొరికింది అంది! మొగిలన్న చప్పట్లు కొట్టాడు. మరుక్షణంలో స్క్రీన్ నిండా తప్పులు. "రెండు లక్షల పద్నాలుగు వేల తప్పులున్నాయి. సరిచేయనా? అవును / కాదు."

"అవును కొట్టు," అన్నాడు మొగిలన్న. "అదే అడుగుతున్నది గదా సరిచేస్తనని."

చెయ్యి మీట మీదికి వెళ్లింది, అబద్ధం చెప్పను. గాలి అంకె గోడ మీద కనబడుతూనే ఉంది.

చెయ్యి వెనక్కి తీసేశాను. "అన్నా, ఇవి తప్పులు కావు. ఎనిమిది డిస్కులు ఇయ్యాల్టి మాట చెప్తున్నయ్, ఒకటి పన్నెండేండ్ల కిందటి మాట చెప్తున్నది. నేను అవునంటే ఇది అందరి మాట కలిసేదాక నరుకుతది. మల్ల ఏది నిజమో చెప్పేటోడు ఉండడు."

"నీకెట్ల తెలుసు అది పాతదేనని? ఇన్నిసార్లు ఊడగుంజుడుకు చెడిపోయినయేమో?"

మంచి ప్రశ్న. నాకు తెలియదు, అనుమానమే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం మనిషిని నేను, కానీ ఈసారి ముందే ఆకులు వెతికాను. ఏదీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరవమని అడిగాను. తెరిచింది.

ఆ తరువాత చూసినది ఎలా రాయాలో తెలియడం లేదు.

కుంపట్ల వరుస తెర మీద దిగుతోంది. 289, 290, 291, అన్నీ నిన్నటి తేదీలు. 297 దగ్గర తేదీ పన్నెండేళ్లు వెనక్కి. 298 నుంచి 305 దాకా మళ్లీ నిన్న. 306 పన్నెండేళ్ల కిందట. 315 పన్నెండేళ్ల కిందట. ప్రతి తొమ్మిదో అడుగుకూ కాలం మారిపోతోంది. నేను అప్పుడు ఇరవై ఏళ్ల పిల్లను, ఓదెలుతో పెళ్లి కూడా కాలేదు. ఆ మంచు, ఆ గంటలు, బక్కయ్య తాత ఈ కుర్చీలో కూర్చున్న రోజులు, నిన్నటి పక్కనే పోగు పోగున నేసి ఉన్నాయి. 

ఇదే పాతది అని తేలిపోయింది. వెంటనే ఊడదీసి రెండోది పెట్టాలి. కానీ చెయ్యి రాలేదు. 297, 306, రెండు కుంపట్ల ఆఖరి రోజుల లెక్కలు కాగితం మీద ఎక్కించుకున్నాను. పనికొస్తాయని కాదు. ఈ అంకెలు ఇంకెక్కడా లేవు. ‘దారి’లో పదకొండేళ్ల లెక్కలే పడతాయి, నిండితే పాతవాటి మీదే కొత్తవి రాస్తుంది. ఆ రోజులు మిగిలింది ఈ ఒక్క ముక్కలోనే. వాటిని చూడకుండా మూసేయడం తప్పనిపించింది.

"గిప్పుడు నఖలు రాసుకునుడు ఏంది చెల్లె!" అని మొగిలన్న తల పట్టుకున్నాడు. ఆయనను తప్పు పట్టను.

మూడో షిఫ్టు నడుమ. గాలి: 55 గంటలు

రెండో డిస్కు పెట్టాను. తప్పులు సున్నా. ‘దారి’ తెరుచుకుంది. జాబితాలో గీత తీసేసి మొదటి నుంచి లేపాను, ఒక్క మాట అనకుండా లేచింది. కుంపట్లు ఒక్కొక్కటే వెలిగాయి. 1, 2, 3. బయట జనం ఈల వేశారు.

300 దగ్గర ఆగిపోయింది.

ఆ చోటును మేం మడత అంటాం. అక్కడ మంచులో అడ్డంగా ఒక పగులు ఉంది. పగులుకు పైమంచు ఒకటి, కిందిమంచు ఒకటి. నిన్న హారతి వేళ నేల కదిలినప్పుడు పైమంచు కిందిమంచు మీద జారింది. 4.1 మీటర్లు. బావి అక్కడ రెండు ముక్కలైంది. పై ముక్క ఇటుంది, కింది ముక్క అటుంది. నడుమ గట్టి మంచు. టబ్బు మడతకు కింద ఉంది.

అడ్డంగా కరిగించి కొత్త దారి తీయాలంటే ముప్పై గంటలు. ఆపైన పైకి ఎక్కడానికి ఇరవై. మొత్తం యాభై. ఉన్నది యాభై ఐదు. అంటే ఐదు గంటల్లోపు మొదలుపెట్టాలి.

"ఇప్పుడే మొదలుపెడదం," అన్నాడు మొగిలన్న. ఎవరైనా అదే అంటారు. నేనూ అదే అన్నాను. కుంపట్లను మడత వైపు తిప్పే లెక్క రాసుకోవడానికి కాగితం కోసం వెతికితే, నేను ఎక్కించుకున్న నఖలు చేతికి వచ్చింది.

297 పైమంచులో ఉంది. 306 కిందిమంచులో ఉంది. పన్నెండేళ్ల కిందట, ఆయుధపూజ వారంలోనే, రెండింటి నడుమ తేడా ఒక్క గంటలో సున్నా నుంచి 4.1 అయింది. అక్షరాలా అదే అంకె. ముప్పైఐదు గంటలు 4.1 గానే ఉంది. ఆ తరువాత ఒక్క గంటలో 0.2.

వెనక్కి వచ్చేసింది.

మూడుసార్లు చదివాను. పన్నెండేళ్లంటే బృహస్పతి సూర్యుణ్ణి ఒకసారి చుట్టివచ్చే కాలం. పుష్కరం. మా వాళ్లు భూమి మీద నదికి పుష్కరాలు చేసింది ఈ బృహస్పతి లెక్కనే. ఆ గ్రహం ఇప్పుడు మా నెత్తిన ఆకాశంలో కొండంతై కూర్చుని మా మంచును పిసుకుతోంది. పుష్కరానికి ఒకసారి మంచు పక్కకు ఒత్తిగిల్లి, ముప్పైఐదు గంటలు అలా ఉండి, మళ్లీ సర్దుకుంటుందా? అప్పటికి మా బావి మూడువందల ఇరవై కుంపట్ల దాకానే తవ్వారు, కింద మనిషి లేడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ కుదుపుకే డిస్కు చప్పుడు చేయడం మొదలుపెట్టింది, బక్కయ్య తాత ఆ వారమే దాన్ని తీసేశాడు.

నిజమైతే ఇంకా పద్నాలుగు గంటలకు దారి దానంతట అదే తిన్నగా వస్తుంది. ఆగితే చాలు. అబద్ధమైతే, ఆగినందువల్ల కరిగించడానికి గాలి మిగలదు. ఇప్పుడే కరిగిస్తే, కరిగినంత మేర మళ్లీ గడ్డకట్టేలోపు టబ్బు అందులోకి జరుగుతూ పోవాలి; అది ఆ అడ్డదారిలో ఉండగా మంచు వెనక్కి వస్తే, ఇద్దరూ తిరగలి రాళ్ల నడుమ గింజలు.

ఒక్కసారి జరిగినది మళ్లీ జరుగుతుందని ఎవరు చెప్పగలరు?

అత్త దగ్గరికి వెళ్లాను. దీపాల గదిలో మేకుల కింద కూర్చుని ఉంది. "అత్తమ్మా, బక్కయ్య తాత ఆ డిస్కు తీసేసిన వారం నీకేమన్న యాదికున్నదా?"

"ఎందుకు లేదు? దీపాలు ఊగినయ్," అంది వెంటనే. "పూజనాడు ఒకసారి ఇటు ఊగినయ్. మల్ల తెల్లారి కాదు, ఆ మర్నాడు, అటు ఊగినయ్. నూటపది దీపాలు ఒక్కతీరుగ. నేను సర్దార్లకు చెప్తే కల గన్నవు అన్నరు." మేకులకు వేలాడే దీపాల వైపు చూసి, "నిన్న ఒక్కసారే ఊగినయ్ పిల్లా. ఇంక రెండోసారి ఊగలేదు," అంది.

ఆమె చేతులు పట్టుకున్నాను. మధ్యాహ్నం అన్న మాటకు క్షమాపణ అడగకుండానే ఆమెను తీగ దగ్గరికి తీసుకొచ్చాను.

మూడో షిఫ్టు ఆఖరు. గాలి: 51 గంటలు

తేల్చాల్సింది నేను కాదు, కింద ఉన్నవాళ్లు. తీగలో మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు.

ఓదెలు ఆ అంకెలు ఇంకోసారి చెప్పమన్నాడు. అతను నా మాట రెండోసారి అడిగి వినడం పెళ్లయిన పదేళ్లలో ఇదే మొదలు.

"సమ్మయ్య ఏమంటున్నడు?" అన్నాను.

"కరిగిద్దం అంటున్నడు. తారా, నువ్వేమంటవు?"

"నాకు భయమైతున్నది," అన్నాను. "ఆ అంకెలు చూసిన కాడి నుంచి నాకు ఆగుదం అనిపిస్తున్నది. గని అది ఒక్క డిస్కు మాట. ఒక్కసారి మాట."

"రెండు నోళ్లు చెప్తున్నయ్ గదనే. అమ్మ గూడ చూసింది గదా."

అత్త తీగ దగ్గరికి వంగింది. "ఓదెలూ, నేను చూసిన బిడ్డా. కల గాదు."

 ఆ తరువాత సమ్మయ్య గొంతు వచ్చింది, దగ్గుతూ. "అక్కా, రాజవ్వ దీపం లెక్క నలభై ఏండ్లల్ల ఒక్కటి తప్పలే. ఆగుతం."

గాలి ఆదా చేయడానికి దీపాలార్పి, మాట్లాడకుండా పడుకుంటామన్నారు. తీగ నిశ్శబ్దమైంది.

మర్నాడు, రెండో షిఫ్టు. గాలి: 39 గంటలు

41 దగ్గర రావాలి. రాలేదు. 40 దగ్గర రాలేదు. కరిగించే అవకాశం ఎప్పుడో దాటిపోయింది. మొగిలన్న నా వైపు చూడటం మానేశాడు. నేను అంకె వైపు చూడటం మానేశాను. నా మొగుణ్ణి ఒక కాగితం ముక్క చూసి చంపుకున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను.

39 గంటల 20 నిమిషాలకు దీపాల గది నుంచి అత్త అరుపు వినబడింది. "ఊగుతున్నయ్!"

ముందు చప్పుడు లేదు. అరికాళ్లలో తెలిసింది. ఆ తరువాత చెవికి అందనంత మందమైన మోత, పక్కటెముకల్లోంచి వచ్చినట్టు. గోడలకు చేతులు ఆనించి ఊళ్లో అందరూ నిలబడ్డారు.  ఒక దేశమంత మంచు, కిలోమీటర్ల మందంతో, మా కాళ్ల కింద ఒత్తిగిల్లుతోంది. తెర మీద 4.1. 3.6. 2.2. ఆపకుండా తగ్గుతోంది. 0.9. 0.4. 0.2.

అక్కడ ఆగింది. పన్నెండేళ్ల కిందట ఎక్కడ ఆగిందో అక్కడే.

నేను దండం పెట్టాను. ఎవరికి పెట్టానో తెలియదు. బృహస్పతికో, మంచుకో, ఆ డిస్కుకో, పేరు తెలియని ఆ రాసిన మనిషికో. పక్కన మొగిలన్న కూడా పెడుతున్నాడు, నిలువునా ఏడుస్తూ.

300వ కుంపటి వెలిగింది. 301. 302.

"అమ్మా," అంది తీగ. "తారా. కదులుతున్నం."

మూడో రోజు, మూడో షిఫ్టు. టబ్బు పైకి వచ్చి నాలుగు గంటలు

ఇద్దరూ క్షేమం. సమ్మయ్య మూడు గిన్నెల గట్క తిని పడుకున్నాడు. ఓదెలు తినలేదు, పడుకోలేదు. దీపాల గదిలో నా పక్కన, వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని నేల చూస్తున్నాడు. దెబ్బ తగిలిందేమోనని ఒళ్లంతా తడిమాను.

"మంచు వెలిగింది," అన్నాడు.

"ఏంది?"

"మేము చీకట్లున్నం గదా. అది జరిగేటప్పుడు, కిటికీ అవతల, మంచుల కెల్లి వెలుగొచ్చింది. నీలం. ముందు ఒక దారం లెక్క. మల్ల అంతట. పైకి చూస్తే ఎంత దూరం చూస్తే అంత దూరం, కిందికి చూస్తే సముద్రం దాక. మంచు లోపలి గీతలన్ని కనబడ్డయ్. మా మొకాలు మాకు కనబడ్డయ్. సమ్మయ్య నా చెయ్యి పట్టుకున్నడు. ఇద్దరం చస్తున్నం అనుకున్నం, అయినా కండ్లు మూయబుద్ధి గాలే."

 మంచు విరిగితే వెలుగు పుడుతుందని నేను ఎక్కడో చదివాను. అది చెప్పబోయి నోరు మూసుకున్నాను. అతనికి అప్పుడు కావాల్సింది ఆ సమాధానం కాదనిపించింది.

"మల్ల పన్నెండేండ్లకు గదా," అన్నాడు. "నాకు నలభైఏడొస్తయ్. నేను పోత. అక్కడనే ఆగి చూస్త."

 నిన్నటి నుంచి మూటగట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారే వచ్చాయి. సిగ్గుందా, బుద్ధుందా, మమ్మల్ని ఎంత ఏడిపించావో తెలుసా అని ఊపిరాడనంతసేపు తిట్టాను. అతను వింటూ కూర్చున్నాడు. తిడుతూనే నా కళ్ల ముందు ఆ నీలం కనబడుతోంది. తొమ్మిది కిలోమీటర్ల మంచు లోపల దీపంలా వెలగడం, అందులో మనిషి చెయ్యి మనిషికి కనబడటం. తిట్లు ఎక్కడ ఆగాయో నాకే తెలియదు.

"నేను గూడ వస్త," అన్నాను.

ఈ పుస్తకం చివరి పేజీ తీసి, పన్నెండేళ్ల తరువాతి ఆయుధపూజ తేదీ వేసి, దిగేవాళ్లు అని రాశాను. ఓదెలు. కనకతార. టబ్బులో ఇద్దరికే చోటు. సమ్మయ్య పొద్దున లేచాక గొడవపడతాడు, పడనీ.

మా అత్త మెడ సాచి పేజీ చూసింది. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఒకటి. నలభై ఏళ్లలో ఎందరికో దీపం ఇచ్చి కిందికి పంపింది గానీ, ఒక్కసారి కూడా తాను దిగలేదు.

"మరి నేనెక్కడ కూసోవాలె?" అంది.

మూడో పేరు రాశాను. టబ్బు పెద్దది చేయాలి. టైముంది.